గ్లూకోజ్ బిళ్లలు

హిమజ, ఉదయ్ చిన్నప్పుడే షుగర్ క్లినిక్‌లో స్నేహితులయ్యారు, పెద్దయ్యాక పెళ్లి చేసుకున్నారు. ఇప్పుడు ఒక్క సూదిమందుతో ఆ జబ్బు అందరికీ నయమైపోతోంది. ఉదయ్‌కీ నయమైంది. హిమజ ఒంటికి మాత్రం ఆ మందు పడలేదు.

భీమిలి బీచ్‌లో పాటల పండగ జరుగుతోంది. జనంలో గెంతుతుండగా షుగర్ పడిపోయి హిమజకు చెమటలు పట్టాయి, కాళ్లు వణికాయి. అలవాటుగా భర్త జేబులో చెయ్యి పెట్టింది. అతను ఎప్పుడూ ఉంచుకునే గ్లూకోజ్ బిళ్లలు లేవు.

"నాకు అక్కర్లేదని ఇంట్లోనే వదిలేశాను. నీ సంగతే మర్చిపోయానే!" అన్నాడు ఉదయ్, మొహం పాలిపోయి.

పరుగున వెళ్లి చెరకు రసం తెచ్చి తాగించాడు. ఆమె తేరుకుంది. అతను ఏడుస్తున్నాడు.

"పోనీలే, గుర్తుండక్కర్లేని రోజులొచ్చాయి కదా నీకు" అంది హిమజ, అతని కళ్లు తుడుస్తూ.

ఇన్నేళ్లలో మొదటిసారి ఆ జబ్బు తనొక్కదానిదే అనిపించింది.