నలభై ఒకటో కొక్కెం

"ఆ కప్పు నాది! ఎందుకు తీశావ్?"

మెర్వ్ అరుపుకి షెడ్డులో రంపాలు ఆగిపోయాయి.

కొత్తగా వచ్చిన ముసలాయన బెదిరిపోయాడు. మెర్వ్ కప్పు ఒక చేతిలో, తన కప్పు ఇంకో చేతిలో.

"నాకు ఈ కొక్కెం కావాలి. తీసుకోవచ్చా?"

"అవతల ఇరవై కొక్కేలు ఖాళీగా ఏడుస్తున్నాయి కదయ్యా!"

"నలభై ఒకటి కావాలి."

"లాటరీ తగులుతుందా ఏంటి గురూ?"

అందరూ ఘొల్లుమన్నారు. మెర్వ్ విసుక్కుని కొక్కెం వదిలేశాడు.

వాల్గారా ఊళ్లో రిటైరైన మగవాళ్లు కాలక్షేపానికి చేరే షెడ్డు అది. చెక్కపని చేస్తారు. బీరు కాచుకుంటారు. బుధవారం సాసేజీలు కాల్చుకుని తింటారు. ఒకప్పుడది అనాథ పిల్లల హోం. పిల్లల తువ్వాళ్ల కోసం గోడకి కొట్టిన కొక్కేలు, వాటి కింద నంబర్లు, అలాగే ఉంచారు. చూడటానికి అందంగా ఉంటాయట!

'ఇక్కడికి ఎవరైనా రావచ్చు' అని తలుపు మీద బోర్డు. ఎంత బాగా చెక్కారో!

ముసలాయన పేరు ఎర్న్. ఊరి చివర కారవాన్‌లో, కారు వెనక లాక్కెళ్లే చక్రాల ఇంట్లో, మకాం.

తిండి దగ్గర ఆయన్ని చూడలేకపోయేవాళ్లు. ప్లేటు చుట్టూ చెయ్యి అడ్డం పెట్టుకుని గబగబా మింగేవాడు. పెనం మీద గడ్డకట్టిన కొవ్వుని రొట్టెతో తుడుచుకుని నాకేవాడు. ఒక ముక్క జేబులో కుక్కుకునేవాడు.

"ఛీ, కడుపులో తిప్పుతోంది" అన్నాడు షెడ్డు కార్యదర్శి లయల్, వినబడేలాగే.

"నీ రొట్టె ఎవడూ లాక్కోడులేవయ్యా" అన్నాడు మెర్వ్.

ఎర్న్ తల ఎత్తలేదు.

"లేవచ్చా?" అని అడిగి మరీ లేచాడు. రోజూ అంతే.

వాళ్లు కూర్చున్న పన్నెండు అడుగుల బల్ల హోం నాటిది. లయల్‌కి అదంటే ప్రాణం. 'పేరు తెలియని మహా పనివాడి సృష్టి' అని ఇత్తడి రేకు కూడా కొట్టించాడు. ఒక కాలు మాత్రం ఊగుతోంది. మూడుసార్లు తెల్ల బంక పోశాడు. మూడుసార్లూ ఊడింది.

"పాత బంక మీద అది పట్టదండీ" అన్నాడు ఎర్న్. "అప్పట్లో గొడ్డు గిట్టల బంక వాడారు. అదే కాచి పొయ్యాలి. నాకు ఒక్క పూట ఇవ్వండి."

"నువ్వా? చెయ్యి వేశావంటే ఊరుకోను. అది నీలాంటివాళ్ల పని కాదు."

"వచ్చే నెల విందుకి ఊరంతా దీని మీద తింటుంది. కాలు నిలబడాలండీ."

"నిలబడకపోతే నీకేంటట?"

ఎర్న్ వంగి ఊగుతున్న కాలిని ఒకసారి తడిమి చూశాడు.

మరుసటి బుధవారం షెడ్డంతా కంపు. కుళ్లిన గొడ్డుని ఉడకబెట్టిన కంపు. ఇద్దరు బయటికి పరిగెత్తి వాంతి చేసుకున్నారు.

పొయ్యి మీద మెర్వ్ బీరు కోసం పెట్టిన బార్లీ నీళ్లు మరుగుతున్నాయి. అందులో ఎర్న్ బంక డబ్బా ఒరిగిపోయి ఉంది.

"నలభై లీటర్లురా! మొత్తం నాశనం చేశాడురా, ముసలి వెధవ!" అని అరిచాడు మెర్వ్.

"వేడి నీళ్లనుకున్నానండీ. డబ్బా వెచ్చబెడదామని... ఆ కాలు..."

"కాలూ లేదు, చెయ్యీ లేదు. బయటికి నడు!" లయల్ ముక్కు మూసుకుని తలుపు చూపించాడు.

పద్నాలుగు మంది మగాళ్లున్నారు అక్కడ. ఒక్కడూ అడ్డురాలేదు.

ఎర్న్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"వెళ్లొచ్చా?"

"పో!"

ఆయన కప్పుని మెర్వ్ రెండు వేళ్లతో పట్టుకుని చెత్తలో పడేశాడు.

ఊరి విందు రోజు వచ్చింది. బల్ల నిండా వేయించిన గొర్రెమాంసం, మాంసం కూరి కాల్చిన పైలు, మెర్వ్ కొత్త బీరు సీసాలు. ఇత్తడి రేకు తళతళలాడుతోంది. లయల్ గ్లాసు పైకెత్తాడు.

కాలు ఊడింది.

మాంసం, గ్రేవీ, బీరు, గాజు పెంకులు కలిసి ఆడవాళ్ల ఒళ్లోకి జారాయి. ఆ ముద్ద చూసి పిల్లలు మొహాలు తిప్పుకున్నారు.

"చెప్పాడు కదరా ఆ ముసలాయన" అన్నాడు మెర్వ్.

లయల్ వంగి ఊడిన కాలు తీశాడు.

మెర్వ్ కారేసుకుని ఊరి చివరికి వెళ్లాడు. కారవాన్ లేదు. అది నిలిచిన చోట పాలిపోయిన గడ్డి ఉంది. వెళ్లగొట్టిన సాయంత్రమే వెళ్లిపోయాడని పక్కవాళ్లు చెప్పారు.

తిరిగొచ్చేసరికి లయల్ బల్ల తిరగేసి, గ్రేవీ మరకల్లో మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. కాలు దిగే గుంతలోంచి తన తెల్ల బంకని ఉలితో గోకుతున్నాడు. దాని కింద పాత బంక పెచ్చులుగా లేచింది.

"ఇదిగో, ఏదో రాసి ఉంది. ఆ మహా పనివాడి పేరే అయ్యుంటుంది. దీపం పట్టు!"

మెర్వ్ వంగి దీపం పట్టాడు.

పేరు లేదు; పెన్సిలుతో వంకర టింకర పిల్ల రాత మాత్రం ఉంది: "నంబర్ 41, తొమ్మిదేళ్లు, ఈ కాలు నిలబడేదాకా నాకు తిండి పెట్టరంట."