ఇటివ్వు, నేను మాట్లాడతా

పెద్దవాళ్ల తోడు లేకుండా నేనూ, అందరూ పిచ్చుక అని పిలిచే నా నేస్తమూ మహానగరానికి రైలెక్కడం అదే మొదటిసారి. స్టేషన్ వచ్చిందంటే చాలు, అమ్మ ఫోను.

“అబ్బ, ప్రాణం తోడేస్తోంది!” అని విసుక్కున్నాను.

“ఇటివ్వు, నీలాగా నేను మాట్లాడతా,” అంటూ పిచ్చుక ఫోను లాక్కుంది.

“తిన్నానమ్మా... సరేనమ్మా, తలుపు దగ్గర నిలబడను... సరేనమ్మా, చెవులకు గుడ్డ కట్టుకుంటాలే...”

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాను. అది ఎంతకీ ఫోను పెట్టదే!

దిగాక అమ్మకు చేశాను. “ఇందాక మాట్లాడింది నేను కాదు, కనిపెట్టావా?”

“మొదటి మాటకే. నువ్వెప్పుడు విసుక్కోకుండా సరేనమ్మా అన్నావు గనక?”

“మరి పెట్టెయ్యలేదేం?”

అమ్మ గొంతు తగ్గించింది.

“తల్లి పోయి ఏడాదైనా కాలేదే దానికి. నోరారా అమ్మా అని పిలుస్తుంటే ఎలా పెట్టెయ్యనే?”