అరువు చెవులు

రెండో తల కూడా వెనక్కి వచ్చేసింది.

స్టూడియో పెద్దాయన అట్టపెట్టె మీద చీటీ అంటించి మరీ పంపాడు. ‘ఎదురుగా నిలబడి మాట్లాడితే నెత్తిమీదనుంచి వినిపిస్తోంది. ఇంకొక్కసారి చూస్తాం. కుదరకపోతే పని వేరేవాళ్లకి ఇస్తాం.’

రేడియో నాటకాలు రికార్డు చేయడానికి వాళ్లకి ఒక బొమ్మతల కావాలి. మనిషి తలంత తల, అచ్చం మనిషి చెవుల్లాంటి చెవులు, ఒక్కో చెవిలో ఒక్కో మైకు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే తలుపు కుడిపక్కన తెరుచుకోవాలి, దొంగ వీపు వెనకనుంచి రావాలి. సౌండ్ ఇంజనీరు ఛాతీ విరుచుకుని ఒప్పుకున్నాడు. ఇరవయ్యేళ్లుగా శబ్దాలతో బతుకుతున్నవాణ్ణి, రెండు చెవులు చేయలేనా అనుకున్నాడు.

చేయలేకపోయాడు. మొదటిసారి మట్టితో చెక్కాడు. అవి ఎండిన పుట్టగొడుగుల్లా వచ్చాయి. రెండోసారి తన చెవులకే అచ్చు తీసుకున్నాడు. అచ్చు అద్భుతంగా కుదిరింది, చెవులే బాగాలేవు. చిన్నప్పుడు లెక్కల మాస్టారు మెలిపెట్టి మెలిపెట్టి ఉన్న ఒంపులన్నీ చదును చేసేశాడని అతని అనుమానం.

“నీ చెవులు పనిచేయవని నన్నడిగితే ముందే చెప్పేదాన్ని కదా,” అంది భార్య.

ఇల్లంతా కలయజూస్తే పనికొచ్చే చెవులు ఒక్క మనిషికే ఉన్నాయి. అత్తగారికి.

ఆవిడ వచ్చి ఎనిమిది నెలలైంది. పెద్ద చెవులు, లోతైన ఒంపులు, పాఠ్యపుస్తకంలో బొమ్మ వేసినట్టు. పైగా ఆ చెవులకి అందని మాట లేదు. ఒకసారి టీవీ హోరెత్తిపోతుండగా, హాలు ఈ చివర కూర్చుని, “ఈవిడ ఎప్పుడెళ్తుందో” అని లోలోపలే గొణుక్కున్నాడు. “వచ్చే నెలాఖరుకి,” అని ఆ చివరనుంచి జవాబొచ్చింది. అప్పట్నుంచి అతను ఆవిడ ముందు గొణగడం కూడా మానేశాడు. ఆవిడ మాత్రం, ఎప్పుడు మాట జారతాడా అన్నట్టు, అతని మూతివంకే చూస్తూ ఉండేది. బెట్టుకీ తక్కువ లేదు. కాలింగ్ బెల్ మోగితే లేవదు. వెనకనుంచి నాలుగుసార్లు పిలిచినా పలకదు. అత్తగారన్నాక ఆ మాత్రం ఉంటుందిలే అని అతను సర్దుకుపోయాడు.

“అత్తయ్యా, మీ చెవులు ఒకసారి అరువిస్తారా?” అని చేతులు నలుపుకుంటూ అడిగాడు.

ఆవిడ కూతురివంక చూసింది. కూతురు కిటికీవంక చూసింది.

“నా చెవులు ఎవరికైనా పనికొస్తాయంటే ఎంతసేపైనా కూర్చుంటాను బాబూ.”

కుర్చీలో కూర్చోబెట్టి, చెవి రంధ్రాల్లో దూది కుక్కి, చెవుల చుట్టూ అట్టముక్కలు కట్టి, అచ్చుముద్ద నిండా పోశాడు. ముద్ద గట్టిపడేదాకా దవడ కదపకూడదని చెప్పాడు. ఎదురుగా స్టూలు వేసుకుని కాపలా కూర్చున్నాడు.

అలవాటు ఊరుకోదు కదా. “పది నిమిషాలు ఈవిడ నోరు మెదపకపోవడం చరిత్రలో మొదటిసారి,” అని నోట్లోనే అనుకున్నాడు.

అచ్చులు ఊడదీయగానే ఆవిడ దవడ సవరించుకుంది.

“రెండోసారి. మొదటిసారి మీ మామగారు నన్ను పెళ్లిచూపులు చూడ్డానికొచ్చినప్పుడు.”

దూది, దాని మీద అంగుళం మందాన ముద్ద, అయినా విందంటే! అవమానం సంగతి మరిచిపోయి ఆ అచ్చుల్ని కళ్లకద్దుకున్నంత పని చేశాడు. మెత్తటి రబ్బరు కరిగించి చెవులు పోశాడు, తలకి బిగించాడు, స్టూడియోకి మోసుకెళ్లాడు.

పెద్దాయన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాడు. పక్కగదిలో ఎవరో బొమ్మతల వెనక నిలబడి మెల్లగా పిలిచారు. పెద్దాయన ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూశాడు. వెనక గోడ తప్ప ఏమీ లేదు.

“ఎవరివయ్యా ఈ చెవులు?”

“మా అత్తగారివండీ. గుండుసూది పడినా వినే మనిషి.”

పని దక్కింది. దారిలో వాన పట్టుకుంటే, తలని బస్టాపులో బెంచీ మీద కూర్చోబెట్టి ఆ వాన కూడా రికార్డు చేసుకున్నాడు. జనం వింతగా చూశారు. అతను తన తలకంటే దానికే ముందు గొడుగు పట్టాడు.

ఇంటికి రాగానే అత్తగారిని కూర్చోబెట్టి హెడ్‌ఫోన్స్ తగిలించాడు. “వానండీ. మీ చెవులతోనే పట్టుకొచ్చాను. కళ్లు మూసుకుని వింటే ఇంకా బాగుంటుంది.”

“వద్దులే బాబూ. నిన్ను చూస్తూ వింటాను.”

మీట నొక్కి, మార్కుల కోసం ఎదురుచూసే పిల్లాడిలా ఎదురుగా నిలబడ్డాడు. ఒక పాట పట్టేంతసేపు ఆవిడ కదల్లేదు. హెడ్‌ఫోన్స్ తీసేసరికి కళ్లు చెమ్మగిల్లి ఉన్నాయి.

“నా చుట్టూరా వాన కురిసినట్టే ఉంది,” అంది. అతనికి ఎనిమిది నెలల కోపం ఒక్కసారిగా కరిగిపోయింది.

ఆవిడ గదిలోకి వెళ్లాక తీగ చుట్టబోతే, దాని రెండో కొస కుర్చీకాలు పక్కన నేలమీద పడి ఉంది. ఇరవయ్యేళ్ల అనుభవం ఉన్న సౌండ్ ఇంజనీరు ప్లగ్గు పెట్టడం మరిచిపోయాడు.

సిగ్గుతో చచ్చిపోతూ వంటింట్లోకి వెళ్లాడు. “మీ అమ్మ నా మొహం చూసి జాలిపడి అబద్ధం చెప్పింది. నేను అసలు ప్లగ్గే పెట్టలేదు.”

పగలబడి నవ్వుతుందనుకున్నాడు. భార్య నవ్వలేదు. గుమ్మంవైపు వీపు పెట్టి నిలబడింది.

“నీకు చెప్పనని ఒట్టేశాను,” అంది. “నువ్వు ప్లగ్గు పెట్టినా అంతే, అమ్మకి రెండు చెవులూ వినపడక ఏడేళ్లవుతోంది.”