ఒక్క రాత్రి ఆపితే

“ఒక్క రాత్రి ఆపు, నాన్నా. మళ్ళీ నిన్నేమీ అడగను,” అంది ముసలావిడ మోర్ఫిద్, కంచె అవతల నిలబడి.

గెథిన్ చేతిలోని స్పానర్‌ను జేబులో పెట్టుకున్నాడు. వెనక పక్క పట్టాల మీద ముప్పైఏడు నిలిచిన చోటే గుడగుడమంటూ నడుస్తోంది. ఆ రకం డీజిల్ రైలు ఇంజన్లన్నిటికీ ఉన్న నంబరే దానికి పేరైపోయింది. దాని పొగ చలికి పైకి పోలేక ఎదురుగా ఉన్న ఇళ్ళ వరస మీదికి వాలుతోంది. ఆ వరసలో చివరి ఇల్లు మోర్ఫిద్‌ది.

లోయలో మంచు మొదలైన రోజు నుంచీ ఇంజన్‌ను ఆపలేదు. ఆపితే లోపలి నీళ్ళు గడ్డకట్టి ఇనుము పగులుతుంది. నీళ్ళన్నీ దించేసి ఆపవచ్చు కానీ, చల్లబడిన ఇంజన్‌ను మళ్ళీ తిప్పే బలం బ్యాటరీలకు లేదు. కొత్తవి అడిగితే మేనేజరు కారిస్ నవ్వింది. అరవై ఏళ్ళ ముసలిదానికి కొత్త బ్యాటరీలు ఎవరైనా కొంటారా అంది. సోమవారం క్వారీ నుంచి రాళ్ళ బండిని లాగాలి. ఈసారి మొరాయిస్తే తుక్కు యార్డుకే పంపుతానని ఖాయంగా చెప్పేసింది. దాంతోపాటే గెథిన్ ఉద్యోగమూ పోతుంది. ఆ లోయలో ఇంకో ఇంజన్ లేదు, అతనికి తెలిసిన ఇంకో పనీ లేదు.

ఇదంతా ఆమెకు విడమరిచి చెప్పాడు. మోర్ఫిద్ ఓపిగ్గా విని, ఒక్కసారి ఇంట్లోకి వచ్చి తన భర్తను చూడమంది. చూశాక నువ్వెలా అంటే అలాగే అంది.

ముందుగదిలో మంచం మీద ఇస్లుయిన్ కళ్ళు మూసుకుని పడుకున్నాడు. ముప్పైఏడును ఏళ్ళ తరబడి నడిపిన డ్రైవరు. గెథిన్‌ను మొదటిసారి ఇంజన్ ఎక్కించింది ఆయనే. ఇప్పుడు గెథిన్ ఎవరో ఆయనకు తెలియదు. భార్య ఎవరో కూడా తెలియదు. మెడలో తాడుకు ఇంజన్ తలుపు తాళంచెవి మాత్రం అలాగే ఉంది.

“స్నానం చేయించేటప్పుడు కూడా తీయనివ్వడు,” అంది మోర్ఫిద్.

ఇంజన్ మోతకు కిటికీ అద్దాలు సన్నగా అదురుతున్నాయి. దుప్పటి మీద ముసలాయన చెయ్యి కాస్త ముందుకు జరుగుతోంది, ఆగుతోంది, మళ్ళీ వెనక్కి వస్తోంది. ఆ కదలిక ఇంజన్ క్యాబ్‌లో ఎప్పుడో చూసినట్టే అనిపించింది గెథిన్‌కు. కానీ మోర్ఫిద్ ముఖం చూశాక ఆ ఆలోచన నిలవలేదు.

“చూశావా? పగలూ రాత్రీ ఇదే. ఆ మోత ఆయన్ని పీక్కుతింటోంది.”

టీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఆకులు రాలే కాలమంతా ఆయన డ్యూటీకి వేళయిందంటూ రాత్రిళ్ళు లేచి వీధిలోకి పోయేవాడట. రెండుసార్లు పాత షెడ్డు గేటు దగ్గర దొరికాడట. వీధి తలుపుకు తాళం వేసి, తాళంచెవి తలగడ కింద పెట్టుకుని పడుకునేదట. మంచు మొదలయ్యాక మంచం దిగడమే మానేశాడు. ఇప్పుడా తాళం వేయడమే లేదు.

“ఒంట్లో సత్తువ అయిపోయిందని డాక్టరమ్మ అంది. పోయేలోపు ఒక్క రాత్రైనా ప్రశాంతంగా నిద్రపోనీ, నాన్నా.”

“ఆపితే అది మళ్ళీ లేవదు, ఆంటీ.”

“ఈయన మాత్రం లేస్తాడా?”

గెథిన్ టీ కప్పు కింద పెట్టాడు. తాగలేదు.

పొద్దువాలే వేళకు క్యాబ్‌లోకి ఎక్కాడు. గుండె రాయి చేసుకుని ఇంజన్ ఆపాడు. అది రెండుసార్లు వణికి ఊరుకుంది. కిందికి దిగి నీళ్ళ కుళాయి తిప్పాడు. వేడి నీళ్ళు పట్టాల మధ్య ఆవిర్లు కక్కుతూ పారిపోయాయి. ఎదుటి వరసలో ఒక్కో కిటికీ తెర తొలగింది.

“చచ్చిందా ఆఖరికి నీ ముసలిది?” అన్నాడు ట్రెఫర్ తన గుమ్మంలోంచి.

“పడుకుంది,” అన్నాడు గెథిన్. క్యాబ్ తలుపు తాళం వేసి, తల వంచుకుని ఇంటికి పోయాడు. అతనికి మాత్రం కంటి మీద కునుకు పడలేదు. చెవులు ఆ మోత కోసమే వెతుక్కున్నాయి.

తెల్లవారేసరికి లోయంతా సున్నం కొట్టినట్టుంది. మోర్ఫిద్ అతని కోసమే గుమ్మంలో కాచుకుని ఉంది. పెనం మీద కాల్చిన ఎండుద్రాక్ష రొట్టెలు గుడ్డలో చుట్టి అతని చేతిలో పెట్టింది. ఆమె ముఖం తేటగా ఉంది.

“ఎన్ని నెలలకో కంటినిండా నిద్రపోయాను, నాన్నా. ముందుగదిలోంచి చిన్న చప్పుడు లేదు. ఎక్కడ లేస్తాడోనని ఇంకా ఆ గది తలుపు కూడా తీయలేదు. నీ రుణం తీర్చుకోలేను.”

ఉద్యోగం పోయినా, ఒక మంచి పనైతే చేశాననుకున్నాడు గెథిన్. రొట్టెల వేడి గుడ్డలోంచి అరచేతికి తగులుతూ ఉంటే పట్టాల వైపు నడిచాడు.

ముప్పైఏడు ఒళ్ళంతా తెల్లగా మంచు పట్టి నిలబడి ఉంది. మెట్ల మీద మాత్రం మంచు అక్కడక్కడ చెరిగి ఉంది. తాళం వేసిన క్యాబ్ తలుపు తెరిచి ఉంది. రాగి తీగల కోసం దొంగలు పడ్డారేమో అనుకున్నాడు. ఇంక ఏం మిగిలిందని అనుకుంటూ, రొట్టెల మూట చంకలో పెట్టుకుని పైకి ఎక్కాడు.

డ్రైవరు సీట్లో, స్టార్టు బటన్ మీద వేలు పెట్టి, ఇస్లుయిన్ గడ్డకట్టిపోయి ఉన్నాడు.