తోడి పందెం

"తోడి!" అన్నాడు లక్ష్మీరాజం.

ఓంప్రకాశ్ టక్కున క్యాసెట్ ఆపేశాడు. ఆదివారం పాటలు వినడానికి ఆ మేడగదిలో చేరిన వాళ్ళంతా గొల్లుమన్నారు.

"భైరవి, సేఠ్! డబ్బా మీదనే రాసున్నది. ఇత్తడి బిందెలు అమ్మినంత అల్కగ కాదు రాగం పట్టుడు."

"డబ్బా మీది రాత నమ్ముమంటవా? నా దుకాణంల డబ్బా మీద బిందె బొమ్మ ఉంటది, లోపల గ్లాసులుంటయి."

మళ్ళీ నవ్వులు. ఈసారి ఓంప్రకాశ్ నవ్వలేదు.

ఆయన ఆదిలాబాద్ నుంచి వచ్చి కరీంనగర్‌లో స్థిరపడ్డ పత్తి వ్యాపారి. వారానికొకరు తమకు ఇష్టమైన పాట తెచ్చి అందరికీ వినిపిస్తారు. ఓంప్రకాశ్ మాత్రం తన దగ్గరున్న అపురూపమైన క్యాసెట్లను పత్తి మచ్చు చూపించినట్టే చూపిస్తాడు. చిటికెడు వినిపించి, రాగం అడిగి, ఆపేస్తాడు. ఎవరూ దొంగతనంగా పాట ఎక్కించుకోకుండా ఫోన్లన్నీ వెదురుబుట్టలో వేయిస్తాడు. ఆ బుట్ట తన కళ్ళ ముందే, స్పీకర్ పక్కన స్టూలు మీద ఉండాలి. ఎప్పుడూ బేరాల్లో మునిగి ఫోన్ వదలని లక్ష్మీరాజం, ఆ రోజు అందరికంటే ముందు దాన్ని బుట్టలో బోర్లా పెట్టాడు.

ఆనాటి క్యాసెట్ మంథని వేణుబాయిది. ఎప్పుడో ధర్మపురిలో పాడిన కచేరీ. ఆమె గొంతు మిగిలింది ఆ ఒక్క క్యాసెట్‌లోనే. లక్ష్మీరాజం భార్య వినోద ఆమె శిష్యురాలు. గురువు పోయినప్పటి నుంచి ఆ గొంతు ఒక్కసారి వినాలని వినోద ఆశ. మోకాళ్ళ నొప్పితో ఈ మెట్లెక్కలేదు. కాపీ ఇమ్మని లక్ష్మీరాజం అడిగితే, "ఒక్కటే సరుకు. నకలు తీస్తే ఇగ కిమ్మత్ ఏముంటది?" అన్నాడు ఓంప్రకాశ్. వ్యాపారిగా ఆ జవాబులో తప్పు పట్టలేకపోయాడు లక్ష్మీరాజం. భర్తగా దాన్ని ఇంటికి మోసుకుపోలేకపోయాడు.

"పందెం కాస్తవా?" అన్నాడిప్పుడు. "ఓడినోడు గెలిచినోనికి అందరి ముందట శాలువా కప్పి, నాకు చెవులు లేవని చెప్పాలె."

"కాస్త! మమతారాణి మేడం, మీరే తీర్పు చెప్పుండ్రి."

సంగీతం పాఠాలు చెప్పే మమతారాణి కాసేపు ఆలోచించింది. "జర ఆగుండ్రి. ఉత్తరాదిల భైరవి అనేదానికీ, మన దిక్కు తోడి అనేదానికీ స్వరాలు అవే. తేడా అంత నడకల ఉంటది. ఇంత చిన్న ముక్క విని నేనెట్ల చెప్పాలె?"

"అట్లనే మల్ల!" లక్ష్మీరాజం అందుకున్నాడు. "మచ్చు చూసి మూట బేరం చేస్తమా? మూట విప్పమను. కాదంటే తోడి అని ఒప్పుకొమ్మను."

ఓంప్రకాశ్ ముఖం ఎర్రబడింది. వేడెక్కిన మనిషి తూకం చూసుకోడని లక్ష్మీరాజం దుకాణంలో ఏనాడో లెక్క కట్టుకున్నాడు.

"క్యాసెట్ రెండో దిక్కు దాక ఎందుకు, ఈ ఒక్క దిక్కుతోనే నీ పని పడ్త! ఆసాంతం ఇను." క్యాసెట్ మొదటికి తిప్పి, స్పీకర్ల గొంతు పెంచాడు.

వేణుబాయి పాడింది. తొందర లేదు, తడబాటు లేదు. గోదావరి ఒడ్డున రాతిమెట్లు ఒక్కొక్కటే దిగి నీళ్ళలో కాలు పెట్టినట్టు ఆ గొంతు కింది స్వరాల్లోకి దిగింది. గదిలో ఎవరూ కదల్లేదు.

ఆలాపన మధ్యలో ఒకచోట గొంతు ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఎక్కడో సన్నగా కుక్కర్ కూత వినిపించింది. ఓంప్రకాశ్ తల తిప్పాడు.

"వహ్వా! వహ్వా!" అని లక్ష్మీరాజం గట్టిగా అరిచాడు.

"నడుమ లొల్లి పెట్టకు సేఠ్! ఓడిపోతున్నవని పరేషానా?"

పాట చివరి దాకా సాగింది. క్యాసెట్ టిక్కుమని ఆగాక మమతారాణి కళ్ళు తుడుచుకుంది. "భైరవే. తోడి గమకం ఒక్కటి గూడ లేదు. లక్ష్మీరాజం గారు, మీరు ఓడిపోయిండ్రు."

లక్ష్మీరాజం లేచి నిలబడ్డాడు. తాను కప్పుకున్న శాలువా తీసి ఓంప్రకాశ్ భుజాల మీద కప్పాడు. "నాకు చెవులు లేవు," అన్నాడు అందరికీ వినబడేలా. చప్పట్లు మోగాయి. శాలువా కప్పించుకున్నవాడి ముఖం కంటే కప్పినవాడి ముఖమే ఎక్కువ వెలిగింది.

"ఓడినోనివి, గంత నవ్వెందుకయ్యా?"

"ఏం లేదు సేఠ్. బోణీ మంచిగైంది."

బుట్టలోంచి ఫోన్ తీసుకుని మెట్లు దిగాడు. సందు మలుపు దాటాకే దాన్ని చెవికి ఆనించాడు. మేడ ఎక్కేముందు ఇంటికి కలిపిన కాల్ ఇంకా నడుస్తూనే ఉంది.

"విన్నవా?"

అవతల వినోద అందుకుంది. "గట్టిగ వినబడాలని ఫోన్ ఇత్తడి చెంబుల పెట్టుకొని మొత్తం విన్న. మా బాయి గొంతే! ఎదురుంగ కూసుండి పాడినట్టే ఉండె. పప్పు మాడింది, మాడనీ." ముక్కు ఎగబీల్చి నవ్వింది. "అది భైరవని నేను ముందుగాలనే చెప్పి తోలితి గదా, అంత గట్టిగ తోడి అని ఎట్ల అరిచినవయ్యా?"

"బేరంల గొంతు వణకద్దు."

"సరే గని, క్యాసెట్‌కు రెండో దిక్కు మిగిలున్నది. వచ్చే ఆదివారం గూడ జర మంచిగ ఓడిపోయి రా!"