ఆయన చెప్పిన జవాబు

“పేగు కోసి కుట్టి మూడు రోజులైంది. కింద నుంచి గాలి పోయిందా అమ్మా?” అని డాక్టరు మంచం మీద ఉన్న ఆమెనే అడిగాడు.

“తెల్లారగానే పోయిందండీ,” అన్నాడు పక్కనే ఉన్న భర్త. “తొందరగా పంపించేయండి, హోటలు తిండితో చస్తున్నాను.”

“అయితే పేగు కదిలినట్టే, పాలు పట్టించండి,” అని, ఆమె వైపు మళ్లీ చూడకుండానే డాక్టరు పక్క మంచానికి వెళ్లాడు.

గాలి పోలేదు. దుప్పటి కింద కడుపు తప్పెటలా బిగిసి ఉంది. ఆ మాట చెప్పాలని ఆమె పెదవి కదిపింది. ముప్పై ఏళ్లుగా తన ఆకలికీ నొప్పికీ ఆయనే జవాబు చెబుతూ రావడంతో, ఎలా మొదలుపెట్టాలో ఆమెకు తెలియలేదు.

“నోరు తెరువు,” అని ఆయన చెంచా అందించాడు. నాలుగో చెంచాకు ఆమె చేతులు చల్లబడ్డాయి.

“ఏమే, ఏమవుతోంది నీకు?”

ఆయన ఆమెను అడగడం అదే మొదటిసారి. జవాబుగా దుప్పటి నిండా ఆకుపచ్చని వాంతి పడింది.