చెప్పని సెమీకోలన్

"ఆగండి! ఆ సెమీకోలన్ అతను చెప్పలేదు. మీరెలా పెట్టారు?"

లీలావతి గొంతు పెంచేసరికి ధనమ్మ చేతిలో పెన్ను అలాగే నిలిచిపోయింది. ఎదురు కుర్చీలో భార్గవ్ ఉలిక్కిపడ్డాడు. అతని చొక్కా కుడిచెయ్యి మోచేతి దగ్గర మడిచి, పిన్నీసు పెట్టి ఉంది.

గుడివాడ దగ్గర ఓ ఇంజనీరింగ్ కాలేజీ. ఆ పూట సి లాంగ్వేజీ పరీక్ష. మూడు నెలల కిందట బైకు ప్రమాదంలో చెయ్యి పోయిన కుర్రాడు జవాబులు పైకి చెప్పి రాయించుకోవాలి కాబట్టి వాళ్ళిద్దరినీ విడిగా చిన్న గదిలో కూర్చోబెట్టారు. బందరు కాలేజీ నుంచి పరీక్షల డ్యూటీకి వచ్చిన లీలావతికి ఆ గది అప్పగించారు. రాసిపెట్టేవాళ్ళకి సబ్జెక్టు తెలిసుండకూడదని నిబంధన. ధనమ్మ కాగితాల్లో పదో తరగతి ఫెయిలని, పెడనలో కలంకారీ అచ్చులు వేసే పని అని ఉంది.

"ప్రతి వాక్యం చివరా పెట్టాలి కదండీ..." అంది ధనమ్మ మెల్లిగా.

"నేనడిగేదీ అదే. పెట్టాలని మీకెవరు చెప్పారు?"

"మా అబ్బాయి చెప్పేవాడండి. ఒక్కడే కూర్చుని చదివితే వాడికి బుర్రకెక్కేది కాదు. నేను బల్ల మీద గుడ్డ పరిచి అచ్చులేస్తుంటే ఎదురుగా నిలబడి నాకు పాఠం చెప్పేవాడు. నేను ఊ కొట్టాలి. కొట్టకపోతే మళ్ళీ మొదటికొచ్చేవాడు."

"మేడం, ఈవిణ్ణి పంపించెయ్యకండి. రాసిపెట్టడానికి నాకింకెవరూ లేరు. సంవత్సరం పోతుందండి" అన్నాడు భార్గవ్.

లీలావతికి నమ్మకం కుదరలేదు. "ఏం చెప్పేవాడు? చెప్పండి, వింటాను."

ధనమ్మ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది.

"ఈ కంప్యూటరు నీలాగా కాదమ్మా, సగం చెప్తే మిగతాది ఊహించుకోదు, అనేవాడండి. ఏ పేరు వాడినా అందులో అంకె పెడతామో అక్షరం పెడతామో ముందే చెప్పాలంట. వాక్యం అయిపోయాక ఆ చుక్కా కామా పెట్టకపోతే పనే మొదలుపెట్టదంట. లెక్క సున్నా నుంచి. పది గదులు అడిగి తీసుకుంటే ఆఖరి గది తొమ్మిదో నంబరు. తెలీక పదో నంబరు గదిలో చెయ్యి పెట్టామనుకోండి, తప్పని చెప్పదంట. పక్కవాళ్ళింట్లో ఏ చెత్త ఉంటే అది తెచ్చి మన చేతిలో పెట్టేస్తుందంట. ఇంకోటండీ... మధ్యలో అడిగి పుచ్చుకున్న చోటు మనమే తిరిగి అప్పజెప్పాలంట. కొన్ని భాషల్లో అయితే వెనకాల ఎవరో ఒకరు ఊడ్చిపెడతారంట. ఇందులో ఎవరూ రారంట."

లీలావతి పదిహేనేళ్ళుగా అదే పాఠం చెప్తోంది. తనెప్పుడూ పిల్లలకి ఇంత తేలిగ్గా చెప్పలేదు. భార్గవ్ వైపు తిరిగింది.

"ఇంత బాగా చెప్పగలిగినవాళ్ళకి పరీక్షంటే భయమెందుకయ్యా?"

భార్గవ్ తల దించుకున్నాడు.

నిబంధన ప్రకారం అక్కడితో ఆపెయ్యాలి. లీలావతి చూపు పిన్నీసు పెట్టిన ఆ చొక్కా చేతి మీద పడింది.

"సరే, రాయండి. కానీ అతను ఏం చెప్తే అదే. తప్పు చెప్తే తప్పే రాయాలి. మీ అంతట మీరు చుక్క కూడా కలపకూడదు."

"అలాగేనండీ" అని ధనమ్మ తను పెట్టిన సెమీకోలన్ కొట్టేసింది. భార్గవ్ "సెమీకోలన్" అన్నాడు. మళ్ళీ పెట్టింది.

గంటన్నర సాఫీగా గడిచింది. చివరి ప్రశ్న పదిమంది మార్కులు కూడే ప్రోగ్రాం. అప్పటికే భార్గవ్ నుదురంతా చెమట.

"ఫర్... బ్రాకెట్... ఐ ఈక్వల్ టు జీరో, సెమీకోలన్... ఐ లెస్ దాన్ ఆర్ ఈక్వల్ టు టెన్..."

పెన్ను ఆగిపోయింది. లీలావతికీ తెలిసింది. ఈక్వల్ టు అనకూడదు. ఆ ఒక్క గుర్తుతో లెక్క పదో నంబరు గదిలోకి వెళ్ళిపోతుంది.

ధనమ్మ పెదవి కదిలింది. తలెత్తి ఒక్కసారి భార్గవ్ ముఖంలోకి చూస్తే చాలు, అతనికి అర్థమైపోయేది. ఆమె తలెత్తలేదు. చెప్పిన తప్పుని గుండ్రంగా, పొందిగ్గా రాసింది. లీలావతి చూడలేక కిటికీ వైపు తిరిగింది.

బెల్లు కొట్టారు. పెడన బస్సు వచ్చిందేమో చూస్తానని భార్గవ్ బయటికి వెళ్ళాడు. ధనమ్మ సంతకం పెడుతుంటే లీలావతి ఉండబట్టలేక అడిగేసింది.

"ఆ ఈక్వల్ టు తప్పని మీకు తెలుసు కదూ?"

"తెలుసండి. సున్నా నుంచి తొమ్మిది దాకానే అని మా వాడు వందసార్లు చెప్పుంటాడు."

"మా అమ్మాయికైతే నేను అలా రాయలేకపోయేదాన్ని. అవతలివాళ్ళు అటు తిరగ్గానే దిద్దేసేదాన్ని. కన్నతల్లికి చెయ్యెలా వచ్చిందండీ?"

ధనమ్మ పెన్నుకి మూత పెట్టింది. "పాసవుతాడంటారా?" అంది.

"అవుతాడు. ఆ ఒక్క తప్పుకి ఏమీ కాదు."

"అయితే చాలండి. చెయ్యి పోయిన దగ్గర్నుంచీ ఇంట్లోంచి బయటికి రావడం మానేశాడు. పరీక్ష కూడా రాయనన్నాడు. నేనే వెళ్ళి బతిమాలి తీసుకొచ్చాను."

"వెళ్ళి తీసుకురావడమేంటండీ? మీరుండేది ఒకే ఇంట్లో కాదా?"

ధనమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నేను భార్గవ్ తల్లిని కానండి. ఆ రోజు బండి నడిపింది అతను. వెనక కూర్చుని, మళ్ళీ ఇంటికి రానివాడు మా అబ్బాయి."